ఆ రోజు ఆశ్చర్యం కావచ్చు, ఆ ప్రశ్న ఆశ్చర్యం కాకూడదు



ఈమధ్య యౌవనస్థుల కూటమి ముగిశాక ఒక అబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యగారు, ఒక్క మాట. ఫోటోషూట్ పెట్టుకున్నం. అక్కడనే మోకాళ్ల మీద కూసోని, ఉంగరం చూపించి, నన్ను చేసుకుంటవా అని అడుగుదామనుకుంటున్న. తప్పా?"

తప్పని నేను అనలేదు. "నువ్వు అడగబోతున్నవని ఆ అమ్మాయికి తెలుసా?" అన్నాను.

"తెలిస్తే సర్‌ప్రైజ్ ఎట్లయితది అయ్యగారు?"

అతని సందేహం మంచిదే. ఈ ప్రశ్న ఇప్పుడు అతనొక్కడిది కూడా కాదు. కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెన 2023 జూన్‌లో ప్రారంభమైన నాటి నుంచి సాయంత్రాలు అక్కడ కెమెరాల ముందు నిలబడిన జంటలు కనిపిస్తూనే ఉన్నాయి. వానలు తగ్గాక కుంతాల జలపాతం దగ్గరా ఇదే దృశ్యం. వాటిలో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. "ఇవన్నీ లోకపు పోకడలు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే వాళ్లు మనల్ని అడగడం మానేస్తారు, చేయడం మాత్రం మానరు. అందుకే యౌవనస్థులకూ తల్లిదండ్రులకూ సంఘ పెద్దలకూ పనికివచ్చేలా ఈ విషయాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒకచోట పెడుతున్నాను.

ఈ అలవాటు మన దగ్గరికి వచ్చిన తీరు

మన దగ్గర పెండ్లి క్రమం వేరు. పెండ్లిచూపులు, పెద్దల మాటముచ్చట, ప్రధానం, ఆ తర్వాత పెండ్లి. మన తెలుగు బైబిలులో మరియను యోసేపుకు "ప్రధానము" చేయబడిన కన్యకగానే చదువుతాం. అబ్బాయి మోకరించి అడగడం ఈ క్రమంలో లేదు. అది పడమటి దేశాల నుంచి సినిమాల ద్వారా, ఫోన్ల ద్వారా వచ్చింది. వజ్రపు ఉంగరం లేనిదే ప్రేమ లేదన్న భావన వెనుక ఒక వజ్రాల కంపెనీ ప్రచారం ఉంది. వజ్రం శాశ్వతమని చెప్పే డి బీర్స్ వారి నినాదం పుట్టింది 1947లో. మన దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన సంవత్సరం కూడా అదే. అంటే ఆ ఉంగరపు "ఆచారం" వయసు మన సి.ఎస్.ఐ. వయసంతే.

మన దగ్గరికి వచ్చేసరికి దీని వరుస కూడా మారిపోయింది. అక్కడ ముందు అడుగుతారు, తర్వాత ఇంట్లో చెబుతారు. ఇక్కడ చాలాసార్లు ముందు పెద్దలు సరే అంటారు, ఫంక్షన్ హాలు మాట్లాడతారు, ఆ తర్వాత ఫోటోషూట్‌లో అబ్బాయి మోకరించి "నన్ను చేసుకుంటావా" అంటాడు. అప్పటికి కార్డులు అచ్చువేయడానికి ఇచ్చి ఉంటారు. ఆ ప్రశ్నకు "కాదు" అనే జవాబుకు చోటెక్కడుంది? కాదనే వీలులేని ప్రశ్న ప్రశ్న కాదు, నటన. ఇద్దరికీ అది నటనే అని తెలిసి, ఇద్దరూ నవ్వుకుంటే ఇబ్బంది లేదు. ఒకరికి మాత్రం అది నిజంగా ఊపిరాడని స్థితి అయితేనే చిక్కు.

లేఖనాల్లో అడిగిన తీరు

ఆదికాండము 24వ అధ్యాయంలో అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో వచ్చాడు. రిబ్కాకు బంగారు ముక్కుకమ్మి, చేతులకు కడియాలు ఇచ్చాడు. ఇంటి పెద్దలు ఒప్పుకున్నారు. అంతా అయిపోయిందనుకుంటాం. కానీ 57, 58 వచనాలు చూడండి. ఇంటివారు ఆ అమ్మాయిని పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని ఆమెనే అడిగారు. బంగారం చేతికి వచ్చాక, పెద్దల మాట అయ్యాక కూడా ఆమె నోటి మాట కోసం ఆగారు.

రూతు గ్రంథం 3వ అధ్యాయంలో అడిగింది స్త్రీ. రాత్రి వేళ, కళ్లం దగ్గర. బోయజు ఉలిక్కిపడి లేచాడు. అంతకన్నా పెద్ద ఆశ్చర్యం ఏముంటుంది? కానీ ఆయన ఏం చేశాడో గమనించండి. ఆమె పేరు నలుగురి నోట పడకుండా తెల్లవారకముందే పంపించాడు. తనకన్నా దగ్గరి బంధువు ఒకడున్నాడన్న నిజాన్ని దాచలేదు. మరునాడు ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, అందరి ముందు మాట తేల్చాడు. అడగడం చీకట్లో, ఇద్దరి మధ్య జరిగింది. ప్రకటించడం పగటిపూట, ప్రజల మధ్య జరిగింది. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసమంతా దాని మీదనే నిలబడింది.

మత్తయి 1:19లో యోసేపు నీతిమంతుడని ఎందుకు అనిపించుకున్నాడు? తన మనసు గాయపడిన వేళ కూడా మరియను నలుగురిలో అవమానపరచకూడదని అనుకున్నాడు గనుక.

ఒక బుధవారం సాయంత్రం

కొన్నేళ్ల క్రితం ప్రార్థన కూటమి అయ్యాక ఒక అమ్మాయి మా ఇంటి గడపలో నిలబడింది. ముందటి శనివారమే ఆమెకు ఒక అబ్బాయి నీళ్ల ఒడ్డున, ఫోటోగ్రాఫర్ల ముందు, ఇరవై మంది స్నేహితుల చప్పట్ల మధ్య ఉంగరం తొడిగాడు. ఫోటోలో ఆమె నవ్వుతూనే ఉంది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నవ్? అబ్బాయి ఇష్టం లేదా?"

"ఇష్టమే అయ్యగారు. కానీ నర్సింగ్ పరీక్షలు అయ్యేదాకా ఆగుదామని చెప్పాలనుకున్న. అందరు చూస్తున్నరు. కెమెరా ఆన్ ఉంది. ఎట్ల చెప్త?"

ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు. పిలిచి మాట్లాడితే బిత్తరపోయాడు. "నవ్వింది కదా అయ్యగారు" అన్నాడు పాపం. కెమెరా నవ్వును పట్టింది, గొంతులో ఆగిన మాటను పట్టలేదు. రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి పెండ్లి ఏడెనిమిది నెలలు వెనక్కి జరిపాం. పరీక్షలు అయిపోయాక అతను వాళ్లింటి వాకిట్లో, తులసమ్మ వంటి వాళ్ల నానమ్మ పక్కనే కూర్చుని ఉండగా, మళ్లీ అడిగాడు. రెండోసారి అడిగినప్పటి ఫోటో వాళ్ల దగ్గర లేదు. ఇద్దరూ ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం ఆ రెండోసారి గురించే.

ముందుగా మాట్లాడుకోవలసినవి

కనుక మొదటి సూత్రం ఇది: పెండ్లి చేసుకుందామా అన్న మాట ఇద్దరి మధ్య ముందే తేలాలి. ఏ రోజు, ఏ చోట, ఏ ఉంగరం అన్నవి మాత్రమే ఆశ్చర్యంగా మిగలాలి. షూట్‌కు కనీసం కొన్ని వారాల ముందు, కెమెరా లేనిచోట, ఈ సంగతులు నెమ్మదిగా మాట్లాడుకోండి.

చదువు, ఉద్యోగం ఎవరివి ఎప్పటికి పూర్తవుతాయి? పెండ్లయ్యాక ఎక్కడ ఉంటారు, అత్తమామలతోనా, వేరే ఊళ్లోనా, గల్ఫ్‌లోనా? ఎవరి పేర ఎంత అప్పు ఉంది? ఆరోగ్య విషయాల్లో అవతలివారికి తెలియవలసినవి ఏమైనా ఉన్నాయా? ఏ సంఘంలో ఉంటారు? కట్నం విషయంలో ఇంటివాళ్లు ఏమనుకుంటున్నారు? 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే. చివరగా, నలుగురి ముందు అడిగితే అవతలివారికి ఇష్టమేనా? కొందరికి సందడి ఇష్టం, కొందరికి బెదురు. ఈ చివరిది నేరుగా అడగనక్కర లేదు. వేరే జంట వీడియో ఒకటి చూపించి "ఇట్లాంటిది నీకెట్లనిపిస్తది?" అంటే ముఖమే జవాబు చెబుతుంది.

పెద్దలు, కాపరి, చట్టం

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. తల్లిదండ్రులు కూతురి ఉంగరాన్ని వాట్సాప్ స్టేటస్‌లో మొదటిసారి చూడకూడదు. అయితే పెద్దల దీవెన వేరు, పెద్దల బలవంతం వేరు. ఇద్దరు మేజర్లు ఒకరినొకరు ఎంచుకున్నాక దానికి కుటుంబం లేదా కులపెద్దల అనుమతి చట్టపరంగా అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తి వాహిని కేసులో స్పష్టం చేసింది. కతోలిక సంఘ ధర్మశాస్త్రం కూడా బలవంతంతో గానీ తీవ్రమైన భయంతో గానీ జరిగిన వివాహం చెల్లదంటుంది. అమ్మాయిని ఒప్పించడానికి పెద్దలు కెమెరాను వాడుకోవడమూ ఒక రకమైన ఒత్తిడే.

వయసు విషయం తెలిసిందే: అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెండ్లి జరిపించే అధికారం ప్రార్థన చేయగల ప్రతి ఒక్కరికీ ఉండదు. సంఘ క్రమం ప్రకారం అభిషేకం పొందిన గురువులకు, లేదా ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందిన సేవకులకు మాత్రమే ఉంటుంది. మీ పాస్టరుగారికి ఆ అధికారం ఉందో లేదో ముందే మర్యాదగా అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టు, వీసా పనుల దగ్గర సర్టిఫికెట్ చెల్లక తిరిగిన జంటలు ఎన్నో. తెలంగాణలో వివాహ నమోదు కూడా 2002 చట్టం నుంచి తప్పనిసరి. ఇద్దరిలో ఒకరు వేరే మతస్థులై 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలనుకుంటే 30 రోజుల నోటీసు గడువు ఉంటుంది.

ఇక సంఘంలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదవడం. వివాహాలను ముందుగా బహిరంగంగా ప్రకటించాలని 1215లో నాలుగవ లాతెరాను మహాసభ నిర్ణయించింది. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పడానికి సమయం ఇవ్వడమే దాని ఉద్దేశం. ఎనిమిది వందల ఏళ్ల క్రితమే సంఘం గ్రహించిన సంగతి ఇది: "అవును" అన్న మాటకు ఆలోచించుకునే వ్యవధి కావాలి.

ఈ లెక్క మన ప్రాంతంలో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే అబ్బాయిలకు ముఖ్యం. నలభై అయిదు రోజుల సెలవు అనుకోండి. రెండో వారంలో ఫోటోషూట్‌లో అడిగితే, మూడు ఆదివారాల ప్రకటన అయిదో వారం దాకా వస్తుంది. ఆరో వారంలో పెండ్లి, ఆ వెంటనే విమానం. ఆమెకు ఆలోచించుకోవడానికి ఒక్క రోజు కూడా మిగలలేదు. అందుకే రాకముందే ఫోన్లో మాట తేల్చుకోండి. లేదా ఈ సెలవులో అడిగి, వచ్చే సెలవులో పెండ్లి పెట్టుకోండి. చాలా సంఘాల్లో శ్రమల కాలంలో పెండ్లిళ్లు జరపరు, ఆ తేదీలూ చూసుకోండి.

స్థలం ఎంచుకోవడం

కరీంనగర్ వైపు దిగువ మానేరు జలాశయం, తీగల వంతెన, ఒకప్పుడు జిల్లాకే పేరిచ్చిన ఎల్గందుల కోట ఎక్కువగా వాడుతున్నారు. వంతెన మీద వాహనాలకు అడ్డంగా నిలబడకండి. జలాశయం గేట్లు ఎత్తే రోజుల్లో కింది ఇసుకలోకి దిగకండి. కోటలో కూలిన గోడలు, మెట్ల అంచులు ఉంటాయి. చీకటి పడకముందే దిగేయండి.

ఆదిలాబాద్ వైపు నేరడిగొండ మండలంలోని కుంతాల, బోథ్ మండలంలోని పొచ్చెర జలపాతాలు పేరున్నవి. కడెం వాగు కుంతాల దగ్గర సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. ఈ రెండు చోట్లా కాలుజారి, గుండాల్లో మునిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. నాచు పట్టిన బండ మీద మోకరించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? వాన ఉధృతి తగ్గాక, సెప్టెంబరు చివర నుంచి డిసెంబరు లోపు వెళ్లండి. కంచె ఇవతలే ఉండండి. ఫోటోలో జలపాతం వెనుక కనిపిస్తే చాలు, కాళ్ల కింద ఉండనక్కర లేదు.

జన్నారం వైపు అడవి 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌లో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ ప్రవేశానికీ చిత్రీకరణకూ అటవీశాఖ అనుమతి కావాలి. డ్రోన్ ఎగరేయాలంటే 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఆ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

2023 సెప్టెంబరులో హైదరాబాదులో పోలీసు ఉద్యోగులైన ఒక జంట ప్రీ వెడ్డింగ్ వీడియో పోలీసు వాహనంతో, యూనిఫారంతో బయటికి వచ్చి దేశమంతా తిరిగింది. అప్పటి నగర కమిషనర్ సి.వి. ఆనంద్ గారు వారిని దీవిస్తూనే, శాఖ వస్తువులను అనుమతి లేకుండా వాడటం సరికాదని, ముందే అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్లమని బహిరంగంగా చెప్పారు. అడిగితే దొరికేదాన్ని అడగక చేసి చిక్కులో పడటం ఎందుకు?

ఇంకొక మాట. కేస్లాపూర్ నాగోబా ఆలయం, జోడేఘాట్‌లోని కొమరం భీం స్మారకం మన ఫోటోలకు తెరలు కావు. అవి ఆదివాసీ సోదరుల భక్తికీ త్యాగానికీ చెందిన చోట్లు. మన ఆలయ బలిపీఠం ముందు ఇంకెవరో ఫోజులిస్తే మనకెలా ఉంటుందో ఆలోచించండి. మన ఆలయంలో మనం చేసినా అంతే.

ఫోటోగ్రాఫర్‌తో ఒప్పందం

ముందే మూడు సంగతులు తేల్చుకోండి. మొదటిది సైగ. అబ్బాయి కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకోగానే మొదలుపెట్టాలి, లాంటిది ఒకటి. రెండవది దూరం. దూరం నుంచి తీయగల లెన్స్ పెట్టుకుంటే ఫోటోగ్రాఫర్ మాటలు వినిపించనంత దూరంలో ఉండవచ్చు. ఆ మాటలు మీ ఇద్దరివే కదా. మూడవది, ఇదే ముఖ్యం, ఆపే సైగ. అబ్బాయి చెయ్యి ఎత్తితే కెమెరా దించేయాలి, తీసినవి తుడిచేయాలి. ఇది ముందే చెప్పని ఫోటోగ్రాఫర్ ఏడుపును కూడా తీస్తూనే ఉంటాడు, అతని పని అది.

ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయి, అమ్మాయి ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టరాదు, స్టూడియో ప్రచారానికి వాడరాదు అన్నవి కాగితం మీద రాసుకోండి. అడ్వాన్సు రసీదు తీసుకోండి.

వెలుతురు పొద్దెక్కిన తొలి గంటలోనూ, పొద్దుగూకే ముందటి గంటలోనూ బాగుంటుంది. చలికాలం ఆదిలాబాద్‌లో ఉదయం మంచు దట్టంగా ఉంటుంది, కాస్త ఆగాలి. వాన వస్తే పోవడానికి రెండో చోటు ఒకటి అనుకోండి. పెండ్లికాని ఇద్దరూ ఒంటరిగా దూరం వెళ్లకండి. అక్కో, చెల్లో, సంఘంలోని పెండ్లయిన జంటో వెంట ఉండనివ్వండి. ఆమె ఇష్టమైన చీర కట్టుకొని వచ్చేలా చూసేది, వేలి కొలత తెచ్చిపెట్టేది కూడా వాళ్లే.

ఆ క్షణం

చుట్టూ గుంపును పెట్టకండి. చప్పట్లు కొట్టేవాళ్లు, ప్లకార్డులు పట్టుకునేవాళ్లు తర్వాత వస్తే చాలు. అడిగే మాట చిన్నగా ఉండాలి. ఎందుకు ఆమెనే కోరుకున్నావో నాలుగు మాటల్లో చెప్పు, అడుగు, ఆపై నోరు మూసుకొని ఆగు. ఆమె తటపటాయిస్తే "తొందరేం లేదు" అని నువ్వే ముందు అను. ఉంగరాన్ని పెట్టెలోనే ఉంచు, వేలు పట్టుకొని తొడగకు. ఈ మాట అబ్బాయిలకే కాదు. రూతు అడిగింది గనుక అమ్మాయిలు అడిగినా ఇదే క్రమం.

ఖరీదైన ఉంగరం కోసం అప్పు చేయకండి. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన మన కరీంనగర్ వెండి తీగ పని ఉంది. చిన్న వెండి డబ్బాలో సాదా ఉంగరం పెట్టి ఇస్తే ఊరి చేతిపని ఇంట్లో తరాలపాటు ఉంటుంది. షూట్ ఖర్చు అమ్మాయి తండ్రి మీద వేయడం కట్నానికి ఇంకొక పేరే. గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు లూకా 14లో అడిగినది ఇక్కడా వర్తిస్తుంది.

సంఘానికి ఒక మాట

ఉంగరం తొడిగించుకున్న మరుసటి ఆదివారం ఒక అమ్మాయి ముఖం వాడి ఉంటే, "ఏమైందమ్మా" అని అడిగే పెద్దమ్మలు మన సంఘంలో ఉండాలి. "ఫోటోలు అందరు చూసిండ్రు, ఇప్పుడెట్ల కాదంటవు" అనే నోళ్లు మన సంఘంలో ఉండకూడదు. ప్రధానం ఆగిపోవడం సిగ్గు కాదు. ఇష్టం లేని పెండ్లి జరిగిపోవడమే నష్టం. కాపరులు వివాహానికి ముందు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, తలుపు తెరిచి ఉంచి, "నీ మనసుతోనే వస్తున్నావా?" అని ఒకసారి అడగాలి. రిబ్కాను అడిగిన ప్రశ్న అదే.

మొదట చెప్పిన ఆ అబ్బాయికి ఈ సంగతులన్నీ చెప్పాను. "మరి సర్‌ప్రైజ్ ఏం మిగులుతది అయ్యగారు?" అన్నాడు మళ్లీ. "ఆమె 'అవును' అంటదని నీకు తెలిసినా, ఆ మాట చెవిన పడ్డప్పుడు నువ్వే ఆశ్చర్యపోతవు బిడ్డా" అన్నాను. మా పెండ్లయి ఇరవై ఏడేళ్లు. ఆ మాట విన్న సాయంత్రం నాకింకా జ్ఞాపకం.

అడిగే పిల్లలకు ఓపికను, జవాబు చెప్పే పిల్లలకు ధైర్యాన్ని, వినే పెద్దలకు మెత్తని మనసును ప్రభువు దయచేయును గాక. ఆమేన్.